గొట్టం, మధ్యది, చిన్నది

సోమవారం

ముందుగా ఒక హెచ్చరిక. ఇది నా సొంత డైరీ. నేను తప్ప ఎవరూ చదవకూడదు. నేను కూడా మరీ అవసరమైతే తప్ప చదవకూడదు.

విషయం ఏమిటంటే, శనివారం పొద్దున్నే మేం సరస్సు దగ్గరికి సెలవులకి వెళ్తున్నాం. అమ్మ, నాన్న, అక్క, బావ, నేను, ఒక్క కారులో. మనిషి జీవితంలో ఎదుర్కోవాల్సిన గంభీరమైన ప్రశ్నలన్నీ ఒక్కసారిగా నా నెత్తిన పడ్డాయి. ఏం తీసుకెళ్ళాలి, ఏం వదిలెయ్యాలి, వదిలేసినదాని కోసం అక్కడ ఎంతసేపు ఏడవాలి.

మంచం మీద నా యావదాస్తి పరిచి కూర్చున్నాను. కెమెరా ఒకటి, లెన్సులు మూడు. కంపెనీవాళ్ళు వాటికి ఏవేవో అంకెలు పెట్టారు గానీ మా ఇంట్లో అమ్మ పెట్టిన పేర్లే చెల్లుతాయి. మోచెయ్యంత పొడుగున్నది గొట్టం. సరస్సు అవతలి గట్టున ఎవరైనా ఆవలిస్తే ఇవతలి గట్టు నుంచి కొండనాలుక తియ్యొచ్చు. పిడికిలంత ఉన్నది మధ్యది. మనుషుల ముఖాలకి దాన్ని మించింది లేదు. అరచేతిలో ఇమిడిపోయేది చిన్నది. దాంతో తియ్యాలంటే ఎదుటిమనిషి ఒళ్ళో కూర్చున్నంత దగ్గరికి వెళ్ళాలి. పెళ్ళిళ్ళలో దానివల్ల నేను తిన్న తిట్లకి లెక్కలేదు. మొన్న స్టూడియోలో అందరి ముందూ “ఆ గొట్టం ఇలా అందుకోండి” అన్నాను. మా గురువుగారు నా డిగ్రీ గురించి కాసేపు ఆలోచించినట్టు కనిపించారు.

ఇవి కాక మూడుకాళ్ళ స్టాండు, ఫ్లాషు, వానొస్తే కెమెరాకి తొడిగే తొడుగు.

బావ కొలతల టేపు పట్టుకుని వచ్చాడు. బావది సరుకుల గోడౌన్‌లో ఉద్యోగం. లారీలో ఏ పెట్టె మీద ఏ పెట్టె పెట్టాలో ఆయన చెప్పందే బండి కదలదు. కాబట్టి మా కారు డిక్కీ కూడా ఆయన సామ్రాజ్యమే.

“మరదలా, నీ వాటా ఇదీ,” అని నా పాత కాలేజీ సంచీ చూపించాడు. “ఇందులో పట్టింది కెమెరా సామాను. పట్టనిది ఇంట్లో అలంకరణ.”

“మరి స్టాండు బావా?”

“మూడు కాళ్ళున్నాయిగా, నడిచి రమ్మను.”

ఇంతలో అక్క వచ్చింది. గుమ్మంలోనే ఆగి మంచం వైపు చూసింది. మధ్యది కనబడగానే చెయ్యి దానంతటదే మూతి మీదికి వెళ్ళింది.

“అదంతా తెస్తున్నావా?”

“ఇంకా తేల్చుకోలేదే.”

“తెచ్చుకో, నీ ఇష్టం. కానీ నావైపు తిప్పావంటే సగం దారిలో దిగి బస్సెక్కి వచ్చేస్తా. ఒట్టెయ్యి.”

“నిన్ను తియ్యను. ఒట్టు.”

“నేను చూడనప్పుడు కూడా.”

మా అక్క పళ్ళ డాక్టరు. ఎక్కడ సందు ఉందో ఆవిడకి బాగా తెలుసు. ఆ సందు కూడా పూడ్చేసి వెళ్ళిపోయింది.

మంగళవారం

గురువుగారిని సెలవు అడిగాను. ఇచ్చారు. పెళ్ళిళ్ళలో నాది రెండో కెమెరా. మొదటి కెమెరా పెళ్ళికొడుకునీ పెళ్ళికూతురినీ తీస్తుంది, రెండో కెమెరా భోంచేసేవాళ్ళని తీస్తుంది. నేను ఐదు రోజులు లేకపోతే ఎవరి భోజనమూ ఆగదు.

“సెలవులకి ఏం పట్టుకెళ్తున్నావు?” అన్నారు.

“గొట్టం అనుకుంటున్నానండీ. పక్షుల కోసం.”

“నీకు పక్షులంటే ఇష్టమా?”

“ఈమధ్యే మొదలైందండీ.”

“ఏ పక్షి?”

“నీళ్ళల్లో ఉంటుందండీ.”

“బాతా?”

“బాతు లాంటిదేనండీ.”

ఆయన ఇంకేమీ అడగలేదు. మంచి గురువు లక్షణం అది.

బుధవారం

మా ఇంట్లో రహస్య సమావేశాలన్నీ వంటింట్లో, కుక్కర్ కూతల చాటున జరుగుతాయి. ఈరోజు అమ్మ కూత కోసం కాచుకుని, అది రాగానే చెవి దగ్గరికి వచ్చింది.

“దాన్ని ఒక్క ఫోటో తియ్యవే.”

“ఒట్టేశానమ్మా.”

“నన్నడిగి వేశావా?”

అమ్మ న్యాయశాస్త్రం ఎప్పుడూ ఇంతే. నేను కూరగాయలు తరుగుతున్నట్టు నటించాను.

“నవ్వుతూ ఒక్కటంటే ఒక్కటి. ఇంతకుముందు అది నవ్వితే వీధి చివర కుక్క లేచేది. ఇప్పుడు నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. దాన్ని చూడాలనిపించి ఫోన్ తెరిస్తే ఏమున్నాయో తెలుసా? అన్నీ ఆ గోడ దగ్గరవే.”

ఆ గోడ దగ్గరవి. తీసింది నేనే.

చలికాలంలో ఒక పొద్దున అక్క పళ్ళు తోముకుని పుక్కిలించబోతే నీళ్ళు ఎడమ మూల నుంచి కారిపోయాయట. అద్దంలో చూసుకుంటే ముఖంలో సగం ఇంకా నిద్ర లేవలేదు. తను డాక్టరే కాబట్టి దేనికి భయపడాలో తెలుసు, దేనికి అక్కర్లేదో కూడా తెలుసు. రెండింటికీ కలిపి భయపడింది. నరాల డాక్టరు చూసి, “కంగారు పడాల్సిందేం లేదమ్మా, ముఖంలో నరం అలిగింది. కొన్నాళ్ళు బతిమాలితే దిగొస్తుంది” అన్నాడు. ఆరోజు నుంచి మా ఇంట్లో దాని పేరు అలక. నాన్న రోజూ పొద్దున్నే ఫోన్ చేసి “అలక ఏమంటోందమ్మా?” అని ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు అడిగేవాడు.

ఆ డాక్టరు వారం వారం ఫోటోలు కావాలన్నాడు. ఒకే వెలుగులో, ఒకే దూరం నుంచి తీస్తే ఎంత మెరుగైందో తెలుస్తుందట. ఇంట్లో ఫోటోగ్రాఫరు ఉండగా వెతుక్కోవడం దేనికి. మా హాల్లో తెల్లగోడ. అక్క నిలబడాల్సిన చోట నేల మీద టేపు ముక్క. కెమెరాకి మధ్యది. కనుబొమలెత్తు. కళ్ళు మూసుకో. బుగ్గలు పూరించు. పళ్ళు చూపించు. అన్నీ నా గొంతుతోనే. ఎడమ కన్ను పూర్తిగా మూతపడకపోతే “ఇంకా గట్టిగా” అనేదాన్ని.

ఇప్పుడు చాలావరకు తీరిపోయింది. కన్ను మూతపడుతోంది, నీళ్ళు కారడం లేదు. ఈల రావడం లేదు గానీ అది పూర్వం కూడా వచ్చేది కాదు. నవ్వినప్పుడు మాత్రం ఎడమ మూల కాస్త ఆలస్యంగా, కాస్త తక్కువగా లేస్తుంది. మిగిలింది నెమ్మదిగా అదే వస్తుంది, ఇక ఫోటోలు చాలు అన్నాడు డాక్టరు. అక్క కూడా చాలంది. రెండు చాలుల్లో అక్కదే పెద్దది.

క్లినిక్‌లో మాస్కు ఉంటుంది కాబట్టి గొడవ లేదు. రోజంతా ఊరివాళ్ళ నోళ్ళు తెరిపించి తన నోరు కప్పుకునే ఉద్యోగం. సెలవుల్లో మాస్కు ఉండదు. “అక్కడ దుమ్ముంటుందా?” అని మొన్న బావని అడిగిందట. సరస్సులో దుమ్మేమిటే అక్కా.

అమ్మకి నేను “చూద్దాం” అన్నాను. ఒట్టుకీ చూద్దాంకీ మధ్య అడకత్తెరలో పోకచెక్కని అయిపోయాను.

గొట్టం మాత్రం పక్షుల కోసమే.

గురువారం

మధ్యది బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ ఒక్క విషయంలో నాకు అనుమానం లేదు.

అబద్ధానికి కాస్త ఒళ్ళు రావాలని పక్షుల పుస్తకం ఒకటి తెచ్చాను. అన్నీ బాతుల్లాగే ఉన్నాయి.

శుక్రవారం

డిక్కీ సర్దుడు రిహార్సల్. అసలు ప్రయాణం రేపైనా బావ ఈరోజే అన్నీ ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించాడు. బరువైనవి అడుగున, పెళుసువి మధ్యలో, మెత్తనివి సందుల్లో. నాన్న పక్కన నిలబడి సలహాలు ఇచ్చాడు. నాన్న సలహాలు ఏ సందులోనూ పట్టలేదు.

నా కాలేజీ సంచీలో కెమెరా, చిన్నది, తొడుగు, పక్షుల పుస్తకం పట్టాయి. గొట్టం ససేమిరా అంది. ఫ్లాషూ స్టాండూ అలంకరణ కింద ఇంట్లోనే ఉండిపోతున్నాయి. నేను నిట్టూర్చి గొట్టాన్ని తిరిగి తీసుకెళ్తుంటే అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, కళ్ళతోనే రమ్మంది. తువ్వాళ్ళ సంచీ మూతి తెరిచి పట్టుకుంది. గొట్టం తువ్వాళ్ళలోకి జారిపోయింది.

బావ ఆ సంచీ ఎత్తి ఆగాడు.

“అత్తయ్యా, తువ్వాళ్ళు ఇంత బరువున్నాయేంటి?”

“తడిగా ఉన్నాయి బాబూ.”

“ప్రయాణానికి తడి తువ్వాళ్ళా?”

“అక్కడ ఎండ బాగుంటుందట. ఆరతాయిలే.”

బావ దాన్ని చాలా గౌరవంగా పెళుసు సామాన్ల మధ్య పెట్టాడు. ఆయనకి తెలిసిందో లేదో నాకు తెలియదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను మాత్రం లేని పక్షుల గురించి పావుగంట మాట్లాడాను.

శనివారం, సరస్సు దగ్గర

చారిత్రక దుర్ఘటన. భావితరాల కోసం వివరంగా రాస్తున్నాను.

పొద్దున బయల్దేరే హడావిడిలో నేను తలంతా షాంపూ నురగతో స్నానాల గదిలో ఉన్నాను. అక్కణ్ణుంచే అరిచాను, “నాన్నా, హాల్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ నా సంచీలో వెయ్యి.”

“వేశానమ్మా. గుడ్డ చుట్టి మరీ వేశాను.”

నాన్న నీళ్ళ పంపుహౌసులో పనిచేస్తాడు. చీకటి గోతుల్లోకి దిగి గొట్టాలు చూసే ఉద్యోగం. పొడుగాటి టార్చిలైటు ఆయన కుడిచెయ్యికి కొనసాగింపు. దాన్ని ఆయన ఏనాడూ టార్చి అనలేదు. బ్యాటరీ అంటాడు. అమ్మా బ్యాటరీ అంటుంది. “బ్యాటరీ వెయ్యండి, ఏదో పాకుతోంది” అనే మాట వింటూ పెరిగినదాన్ని నేను. అలాంటి నేను, ఆ ఇంట్లో, బ్యాటరీ వెయ్యమని అరిచాను.

ఇక్కడికొచ్చి సంచీ విప్పాను. గుడ్డ విప్పాను. లోపల టార్చిలైటు, పసిపాపలా.

“నాన్నా, ఇదేంటి?”

“బ్యాటరీ.”

“నా బ్యాటరీలు ఏవి?”

“నీకు వేరే ఉందా? ఎప్పుడు కొన్నావు? నాకు చూపించనే లేదే.”

“కెమెరావి నాన్నా.”

“ఆ నల్ల అగ్గిపెట్టెలా? అక్కడే ఉన్నాయి, భద్రం. స్విచ్ కూడా ఆపొచ్చాను.”

ఛార్జరుతో సహా ఇంట్లో భద్రం. కెమెరాలో ఉన్న బ్యాటరీకి ప్రాణం కొసకొచ్చింది, తెర మూల ఒకే ఒక గీత మిగిలింది. ఊళ్ళో ఉన్న ఒక్క కొట్టుకి పరిగెత్తాను. కెమెరా బ్యాటరీ ఉందా అంటే కొట్టాయన కాసేపు లోపల వెతికి టార్చి తెచ్చి చూపించాడు. ఈ లోకంలో నాన్న ఒంటరివాడు కాడు.

వెనక్కొచ్చి ఆ సంగతి చెబితే బావ సోఫాలో పడి దొర్లాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. అక్క కూడా నవ్వింది. అలవాటు ప్రకారం చెయ్యి వచ్చి మూతి కప్పేసింది. మేం నలుగురం ఒకేసారి కిటికీలోంచి సరస్సు చూడడం మొదలుపెట్టాం. మంచి సరస్సే.

ఆదివారం

అద్దెకి దిగిన ఇల్లు బాగుంది. చెక్క వరండా, దాని ముందు గడ్డి, గడ్డి చివర నీళ్ళలోకి చొచ్చుకుపోయిన పలకల రేవు. పొద్దున్నే అందరం వరండాలో టీ తాగుతూ ఏమీ చెయ్యకుండా కూర్చున్నాం. ఏమీ చెయ్యకపోవడంలో మా కుటుంబానికి ఇంత ప్రతిభ ఉందని నాకు తెలియదు. నాన్న పక్షుల పుస్తకం చదివి నీళ్ళ మీద కనిపించిన ప్రతిదానికీ పేరు పెట్టాడు. ఒక పక్షి చివరికి ప్లాస్టిక్ సీసా అని తేలింది.

తర్వాత అక్కా బావా పడవ ఎక్కుతామని రేవు మీదికి వెళ్ళారు. అమ్మ తువ్వాళ్ళు ఆరవేసే నెపంతో సంచీ తెచ్చి నా పక్కన పెట్టింది.

“అదిగో నీ బాతు,” అంది. “రేవు మీద.”

“పక్షుల గురించి అలా మాట్లాడకమ్మా.”

“వెలుగు బాగుంది కదవే.”

“వెలుగు ఏం బాగాలేదు.”

వెలుగు అద్భుతంగా ఉంది. తియ్యలేక వెలుగు మీద పెట్టడం మా వృత్తిలో ఉన్నదే. కెమెరాకి గొట్టం బిగించాను, ఊరికే చూడడానికి. చూడకూడదని ఒట్టు లేదు కదా.

బావ పడవలోకి కాలు పెట్టబోయి జారాడు. మనిషి దక్కాడు గానీ చెప్పు ఒకటి నీళ్ళలో పడి మెల్లగా ఎవరి పని మీద వాళ్ళు పోయినట్టు పోతోంది. బావ రేవు మీద పడుకుని దాన్ని చేత్తో పిలుస్తున్నాడు. అక్క నీళ్ళలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది, రెండు చేతులతో పలకల అంచు పట్టుకుని ఉంది. చేతులు ఖాళీ లేవు. తల వెనక్కి వాల్చి నవ్వింది. గొట్టంలోంచి నేను వెంట్రుక వెంట్రుక చూశాను. కుడిపక్క ముందు నవ్వు మొదలుపెట్టింది. ఎడమపక్క వెనకాలే పరిగెత్తుకుంటూ వచ్చింది.

ఒట్టు గుర్తుంది. గుర్తుండగానే నొక్కాను.

అదే రోజు, సాయంత్రం

అమ్మకి చూపించాను. చెయ్యి తుడుచుకుని కెమెరా పట్టుకుంది. తెరని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. తర్వాత, “దీన్ని పెద్దది చేయించి హాల్లో పెడదాం” అంది. ఇంకాసేపటికి, “దానికి చెప్పకు” అంది.

“హాల్లో పెడితే అది చూడదా?”

“అదొచ్చే ముందు ఫోన్ చేస్తుందిగా. తీసేద్దాం.”

అంటే అక్క ఇంట్లో లేనప్పుడే నవ్వే అక్క ఫోటో. ఆ మాట నేను పైకి అనలేదు. అమ్మ సంతోషంగా ఉంది. నేను కూడా సంతోషంగానే ఉన్నాను. ఫోటో చాలా బాగా వచ్చింది. నేను సంతోషంగానే ఉన్నాను.

సోమవారం

టిఫిన్ దగ్గర బావ అడిగాడు.

“నిన్న వరండాలో గొట్టం పెట్టుకుని కూర్చున్నావు, ఏం పక్షి దొరికింది మరదలా?”

“ఎగిరిపోయింది బావా.”

“ఒక్కటి కూడా తియ్యలేదా?”

“ఒకటి తీశా. మసకగా వచ్చింది.”

“మసకదే చూపించు,” అని అక్క చెయ్యి చాపింది. నవ్వుతూనే చాపింది. కెమెరా బల్ల మీదే ఉంది. నేను అందుకునేలోపు అందుకుంది, మీట నొక్కింది.

నాన్న బయట నుంచి, “ఏ పక్షమ్మా? కొంగేనా?” అన్నాడు.

“ఎక్కణ్ణుంచి తీశావు?”

“ఇక్కణ్ణుంచే.”

“అమ్మా, నీకు తెలుసా?”

అమ్మ టీ కప్పులు ఎత్తడం మొదలుపెట్టింది, సగం తాగినవి కూడా. తిలాపాపం తలా పిడికెడు అని పంచుకోవడానికి చూశాను గానీ అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాపం మొత్తం నా ముందు మిగిలింది.

“ఒట్టేశావు,” అంది అక్క. అరవలేదు. అరిస్తే బాగుండేది. “తీసెయ్.”

తన ముందే తీసేశాను. తెర నల్లగా అయింది. తలుపు వెనక నుంచి అమ్మ “అయ్యో” అన్నది సగమే వినిపించింది. అక్క లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

ఇంతకుముందు ముఖంలో సగమే అలిగింది. ఇప్పుడు మనిషి మొత్తం అలిగింది.

పైన రాసిన వాక్యం చూసి నాకు నవ్వు రావాలి.

మంగళవారం

వాన. అందరం లోపలే.

అక్క నాతో తప్ప అందరితో మాట్లాడింది. నాకు చెప్పాల్సినవి బావ ద్వారా పంపింది. “మీ మరదలికి చెప్పండి, కిటికీ వేసుకోమని.” బావ నావైపు తిరిగి, “కిటికీ వేసుకోమంటున్నారు” అన్నాడు. నేను, “వేశానని చెప్పు బావా” అన్నాను. మేం ముగ్గురం ఒకే సోఫాలో కూర్చుని ఉన్నాం. మధ్యాహ్నానికి బావ అలిసిపోయి, “మీరిద్దరూ కనీసం ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మాట్లాడండి” అన్నాడు.

పేకాటలో అక్క జట్టు గెలిచింది. నేను ఓడిపోవడానికి చాలా కష్టపడ్డాను. అక్క గమనించింది. అది కూడా నచ్చలేదు.

గొట్టం తిరిగి తువ్వాళ్ళలో చుట్టేశాను. ఇప్పుడు నిజంగానే తడి తువ్వాళ్ళు.

బుధవారం

వాన వెలిసింది. బావ డిక్కీ తెరిచి సామాన్లన్నీ గడ్డి మీద వరుసగా నిలబెట్టి హాజరు తీసుకుంటున్నాడు. నేను కెమెరాకి చిన్నది తగిలించి మెళ్ళో వేసుకున్నాను. సంచీలో పెట్టే వంతు ఇంకా రాలేదు కాబట్టి.

“ఏమే, ఇలా రా.”

రేవు మీద నుంచి అక్క. బావ మధ్యవర్తిత్వం లేకుండా. నేను వెనక్కి తిరిగి చూసుకున్నాను, ఇంకెవరినైనా పిలుస్తోందేమోనని.

“నిన్నేనే కోతీ.”

వెళ్ళి పక్కన కూర్చున్నాను. పలకలు ఇంకా తడిగా ఉన్నాయి.

“తప్పు నాదే,” అన్నాను.

“తెలుసు. అది కాదు.” చెప్పు కొనతో నీళ్ళు తన్నింది. “ఆ గోడ దగ్గర నువ్వు ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అనేదానివి చూడు. నేను గట్టిగానే చేస్తూ ఉండేదాన్నే. అదే నా గట్టి.”

నేను కెమెరా పట్టీ వేలికి చుట్టుకున్నాను.

“ఇక్కడ కూడా వరండాలో కూర్చుని కొలుస్తున్నావనుకున్నా.”

“కొలవలేదే. చూస్తూ ఉన్నా అంతే. చెయ్యి ఊరుకోలేదు.”

అక్క తల ఊపింది. ఒప్పుకుందో, ఊరికే ఊపిందో తెలియలేదు. గడ్డి మీద బావ ఎవరినో అడుగుతున్నాడు, ఈ దుప్పటి మనదా, ఇంటివాళ్ళదా అని.

“ఎలా ఉంది అది?”

“ఏది?”

“ఫోటో. కోపంలో సరిగ్గా చూడలేదు.”

“నువ్వే తీసేయించావుగా.”

“నోటితో చెప్పవే. నీకు నోటికేం తక్కువ.”

చెప్పాను. “కుడిపక్క ముందు బయల్దేరింది. ఎడమపక్క ఎక్కడికో ప్రయాణం అని ఆలస్యంగా తెలిసి, చెప్పులు వెతుక్కుని, ఆగండాగండి అంటూ పరిగెత్తుకొచ్చి బండెక్కింది. మన నాన్నలాగా.”

అక్క ముక్కులోంచి గాలి వదిలింది. నవ్వుకి ముందు వచ్చేది. “ఎక్కిందా మరి?”

“ఎక్కింది. సీటు దొరకలేదు గానీ ఎక్కింది.”

చెయ్యి పైకి లేచింది, మూతి దాకా రాలేదు. మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెళ్ళి నా కెమెరా పట్టీ లాగింది.

“తియ్యి.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. అమ్మ తువ్వాళ్ళలోంచి కాదు, ఇక్కణ్ణుంచి తియ్యి. ఆ సంచీ బరువు ఇంట్లో అందరికీ తెలుసు, ఆయన నాకు కారులోనే చెప్పాడు.”

“ఇది చిన్నదే. బాగా దగ్గరికి రావాలి.”

“రా మరి.”

జరిగాను. మోకాళ్ళు మోకాళ్ళకి తగిలాయి. అక్క చెంప మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. గోడ దగ్గర వారం వారం చూశాను గానీ దాన్ని చూడలేదు.

“పళ్ళు చూపించు అన్నావో, తోసేస్తా నీళ్ళల్లోకి.”

“అనను. పళ్ళ డాక్టరుకి ఎవరైనా చెబుతారా.”

కెమెరా కంటికి ఆనించి నొక్కాను. లోపల చిన్న ఎర్రదీపం ఒకసారి కొట్టుకుంది. తర్వాత అంతా చీకటి.

“వచ్చిందా?”

వచ్చిందనడం ఎంత తేలిక. ఇంటికెళ్ళాక ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. అక్క ముఖం అంత దగ్గర ఉంటే అబద్ధానికి చోటు చాల్లేదు.

“చచ్చింది.”

“ఏంటీ?”

“బ్యాటరీ.”

వెనక పలకలు చప్పుడయ్యాయి. నాన్న రేవు మీదికి పరుగులాంటి నడకతో వస్తున్నాడు, చేతిలో టార్చిలైటు. “బ్యాటరీ కావాలామ్మా? ఇదిగో. ఫుల్లుగా ఉంది.” పట్టపగలు మా ఇద్దరి ముఖాల మీదా వెలిగించి చూపించాడు కూడా.

అక్క నా భుజాలు రెండూ పట్టుకుంది, పడిపోకుండా. నవ్వింది. కుడిపక్క దాని వేళకి, ఎడమపక్క దాని వేళకి. వీధి చివర కుక్క లేచేంత నవ్వు. గడ్డి మీద బావ దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వరండా మీదికి అమ్మ వచ్చింది. ఒళ్ళో చచ్చిన కెమెరా పెట్టుకుని, ఈ వృత్తిలోకి వచ్చాక మొదటిసారి, నేను ఊరికే చూశాను.

“ఏమైందమ్మా? ఏమన్నాను నేను?” అంటున్నాడు నాన్న.

కళ్ళు తుడుచుకుని అక్క అంది, “ఇంటికెళ్ళాక ఛార్జింగ్ పెట్టి తియ్యి. మర్చిపోయావంటే ఊరుకోను.”

బుధవారం, ఇంటికొచ్చాక

సామాన్లు దింపారు. అక్కా బావా వాళ్ళింటికి వెళ్ళిపోకుండా ఆగిపోయారు. నల్ల అగ్గిపెట్టెలు నాన్న చెప్పినట్టే భద్రంగా ఉన్నాయి. స్విచ్ వేశాను. ఛార్జరు మీద ఎర్రలైటు వెలిగింది. అది పచ్చగా మారితే నిండినట్టు.

అక్క హాల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. జుట్టు దువ్వుకుంది. కాసేపటికి మళ్ళీ దువ్వుకుంది. అమ్మ ఆవిడ ముందు నుంచి అవసరం లేకుండా అటూ ఇటూ నడుస్తోంది. బావ ఆవలించాడు.

“ఏ లెన్సు పెట్టమంటావే?” అని నా గదిలోంచే అడిగాను.

“ఏదో ఒకటి పెట్టు. ఆ సామాను గోల నీకు తప్ప ఇంకెవరికీ పట్టదు.”

“మధ్యదైనా?”

కొంచెం ఆగింది. “మధ్యదైనా. ఇంకా ఎంతసేపే?”

“పచ్చలైటు రావాలి.”

“నాకు రేపు క్లినిక్ ఉందే. ఇంతసేపు ఎవరైనా కూర్చుంటారా ఒక ఫోటో కోసం?”

“వస్తుందే, ఆగు.”

పచ్చలైటు వెలిగి చాలాసేపే అయింది. నేను చెప్పలేదు. మా అక్క నా కెమెరా కోసం కాచుకుని విసుక్కుంటోంది. దాన్ని ఇంకొంచెం విందామని ఈ డైరీ ముందేసుకుని కూర్చున్నాను.

“ఏమే, రాస్తావా, తీస్తావా?”

సరే. ఆపేస్తున్నా.